మెత్తని కాలు

"కారుకేం రోగం లేదే. నీ కాలే మెత్తన," అన్నాడు సత్తామ్, పెనంలో ఉన్న టొమాటో కూరలో రొట్టెముక్క ముంచుకుంటూ.

అప్పటికి పొద్దున ఐదున్నర. రుఫైదా నాలుగింటికే లేచింది. పిల్లలిద్దరి బడి బట్టలు ఇస్త్రీ చేసింది. రొట్టెల మీద గట్టి పెరుగు రాసి, చుట్టి, డబ్బాల్లో పెట్టింది. అత్తగారికి చక్కెర జబ్బు సూది వేసింది. ఆ టొమాటోలు కోసింది, ఆ కూర వండింది, ఆ టీ కాచింది. సత్తామ్ విత్తనాలూ పురుగుమందులూ అమ్మే దుకాణం తెరిచేది పదింటికి. అలాంటి మనిషి ఐదున్నరకే లేచి తినడం ఎందుకంటే, ఇప్పుడైతే వడ్డించడానికి ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆమె వెళ్ళిపోయాక తింటే తన పెనం తనే కడుక్కోవాలి. తినేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ దుప్పటి కప్పుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఇంతే. దీన్ని గురించి ఎప్పుడైనా నోరెత్తితే, "నీతో కలిసి నాలుగు ముద్దలు తిందామని లేస్తానే, అదీ తప్పేనా?" అంటాడు. ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఎంత ప్రేమో అనుకుంటారు. అతను కూర్చుని తింటుంటే తను నిలబడి ఉంటుందన్న సంగతి ఆ మాటలో ఎక్కడా కనపడదు.

"పోనీ మళ్ళీ హర్బ్ దగ్గరికి తీసుకెళ్ళనా?" అంది.

హర్బ్ ఊరి మెకానిక్. సత్తామ్‌కి చిన్నప్పటి దోస్తు.

"వెళ్ళు. ప్లగ్గులు మార్చమను. లేకపోతే ఆ పెట్రోలు ఫిల్టరు చూడమను. ఎన్ని మార్చినా ఏముంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఎదురింటి మయ్యాదాని చూడు, టీచరమ్మ. నడపడం తన వల్ల కాదని తెలుసుకుని బుద్ధిగా కారు మూలన పెట్టి బస్సెక్కుతోంది. నీకే ఎందుకో ఈ పంతం."

ఆ కారు రుఫైదా నాన్నది. ముప్పై ఏళ్ళ నాటి జపాను బండి. ఒకప్పుడు లేత నీలం, ఇప్పుడు లోయ ఎండకి ఏ రంగో చెప్పడం కష్టం. ఆయన బడి బస్సు నడిపిన మనిషి. ఐదుగురు పిల్లల్నీ, ఒక ఉల్లిపాయల బస్తానీ, పండక్కి కొన్న పొట్టేలునీ అందులోనే ఎక్కించుకుని, వాదీ షుయేబ్ కొండదారిని మూడో గేరు దించకుండా ఎక్కేసేవాడు. రెండేళ్ళ కిందట పోయే ముందు కాగితాలు కూతురి పేరు మీద రాయించి, "ఇది నీది. మీ ఆయనది కాదు. నడుపు," అన్నాడు. ఆ మాట అల్లుడి ఎదుటే అన్నాడు. సత్తామ్ నవ్వాడు. నలభై రోజులు గడిచాక, "మామగారి గుర్తు, ఒకసారి బాగు చేయించి తెస్తా," అని తనే హర్బ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కడిగించి, తుడిపించి, డ్రైవరు కాళ్ళ దగ్గర మందపాటి నల్ల రబ్బరు చాప కొత్తది వేయించి తెచ్చాడు. దుమ్ము లోపలికి పోకుండా అంచులకు జిగురు కూడా పెట్టించానన్నాడు. అడక్కుండా అతను ఆమె కోసం తెచ్చిన వస్తువు, ఈ పన్నెండేళ్ళలో, ఆ చాప ఒక్కటే. అక్కచెల్లెళ్ళందరికీ చెప్పుకుంది. మయ్యాదాకీ చెప్పుకుంది. మయ్యాదా ఎందుకో నవ్వి, "మా ఆయన కూడా తెచ్చాడు, అచ్చం ఇలాంటిదే," అంది.

సముద్రం కన్నా పల్లంలో ఉన్న లోయ వదిలి, సముద్రమట్టం అని చెక్కిన రాయి దాకా కారు బాగానే పోతుంది. అక్కణ్ణుంచి కొండ. అక్కడ పెడల్ ఎంత తొక్కినా బండి ముందుకు రాదు. రెండో గేరు, ఒక్కోసారి ఒకటో గేరు. వెనక టొమాటో లారీలు బారు తీరతాయి. పికప్పుల్లో కుర్రాళ్ళు పక్కకొచ్చి అద్దం దించి, "అక్కా, కుట్టుమిషను తొక్కుతున్నావా?" అని అరిచి పోతారు. మొన్న చలికాలంలో నీళ్ళ ట్యాంకరు ఒకటి మలుపులో వెనక నుంచి మీదికొచ్చేసింది. తప్పుకుందామని పెడల్ నేలకి అదిమింది. కారు ఉలకలేదు, పలకలేదు. ట్యాంకరు వాడే చివరి క్షణంలో పక్కకి తిప్పి, దిగొచ్చి ఆమె కిటికీ మీద గుద్ది, "కాలు లేనిదానివి రోడ్డెక్కావెందుకు?" అన్నాడు. ఆ వేళ సాయంత్రం ఆ సంగతి చెబితే సత్తామ్ సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టేశాడు. భయపడ్డాడనుకుంది. తన కోసం భయపడ్డాడని ఆమెకి ముచ్చటేసింది కూడా. తరవాత వారమే, ఇంటికొచ్చిన చుట్టాలకి ఆమె కాఫీ అందిస్తుంటే, "మా ఉమ్ ఫవాజ్ కారు తీస్తే తాబేళ్ళు దారిమ్మని హారన్ కొడతాయి," అన్నాడు. అందరూ నవ్వారు. కాఫీ పళ్ళెం పట్టుకుని ఆమె కూడా నవ్వింది.

ఉమ్ ఫవాజ్ అంటే ఫవాజ్ తల్లి. ఫవాజ్ అనేవాడు పుట్టలేదు. పుడితే తాత పేరు పెట్టుకోవాలని సత్తామ్‌ని పెళ్ళికి ముందు నుంచే ఊరంతా అబూ ఫవాజ్, ఫవాజ్ తండ్రి, అంటుంది కాబట్టి, పెళ్ళినాటి నుంచి ఈమె ఉమ్ ఫవాజ్. కడుపున పుట్టిన దీమా, రనీమ్ ఎవరి లెక్కలోనూ లేరు. పుట్టని కొడుకు పేరు తగిలించుకుని తిరగడం అలవాటైపోయింది, మెత్తని కాలున్న మనిషిగా తిరగడం అలవాటైపోయినట్టే. ఒక మాట రెండేళ్ళపాటు రోజూ చెవిన పడితే అది నిజం కావడానికి సాక్ష్యాలు అక్కర్లేదు. రాత్రిళ్ళు పడుకున్నాక కుడికాలు చాపి, వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకునేది. ఇదే కాలితో పొద్దుటి నుంచి ఇంటి పనికి నిలబడుతోంది. ఇదే కాలితో ఆరోగ్య కేంద్రంలో ఆరు గంటలు ల్యాబ్ బల్ల ముందు నిలబడుతోంది. దీనికి బలం ఎక్కడ తగ్గిందో ఆమెకి బోధపడేది కాదు.

సల్త్ ఊళ్ళో, కొండ మీద, ఆ ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలు చేసేది ఆమె ఒక్కతే. ల్యాబ్ తాళం ఆమె దగ్గరే ఉంటుంది. పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్ళు ఏడున్నరకల్లా వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. ఆమె ఎక్కి వచ్చేసరికి ఏడూ యాభై, ఒక్కోరోజు ఎనిమిది. బస్సు ఎక్కుదామంటే అది నిండితేగాని కదలదు. నిండేసరికి ఏ వేళవుతుందో డ్రైవరుకే తెలియదు. పోయిన మంగళవారం ఏమీ తినకుండా వచ్చిన ఒక ముసలావిడ బెంచీ మీద నుంచి జారి కింద పడింది. నుదురు చిట్లింది. రుఫైదా పరిగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి నర్సులు ఆవిడకి చక్కెర నీళ్ళు తాగిస్తున్నారు. పెద్ద డాక్టరు తన గది గుమ్మంలోనే నిలబడి, అందరూ వింటుండగా అన్నాడు: "ఉమ్ ఫవాజ్, నీ పని బాగుంటుంది, కాదనను. కానీ కొండ కింద సంసారం, కొండ మీద ఉద్యోగం ఆడవాళ్ళకి కుదిరే బేరం కాదు. ఈ వారానికి ఊరుకుంటాను. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం కూడా ఆలస్యమైతే తాళం ఇచ్చి వెళ్ళు. ఇక్కడే ఉండే కుర్రాడొకడు ఉన్నాడు."

ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు సత్తామ్ ఎంతో మెత్తగా, "పోనీలే, ఇంక ఆ అవస్థ ఎందుకు? నేను లేనా?" అన్నాడు. తల నిమిరాడు. రుఫైదాకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఉద్యోగం పోతున్నందుకనుకుంది గాని, ఏదో ఒకటి తప్పుగా ఉందని లోపల్లోపల గుచ్చుకోవడం మొదలైంది కూడా అప్పుడే. ఆమె చేతి మీదుగా పోయిన రోగులందరిలోనూ ఆమె చూసిందొకటే: జబ్బు ఉంటే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఒక్కొక్కటీ పరీక్షించి, కాదనుకున్నదాన్ని కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే అసలు సంగతి. మనుషుల రక్తానికి చేసే పని కారుకి మాత్రం రెండేళ్ళుగా ఎందుకు చేయలేదు? ఎందుకంటే జబ్బు ఎక్కడుందో ముందే అందరూ చెప్పేశారు. నీ కాలు.

శుక్రవారం మధ్యాహ్నం సత్తామ్ ఆమె ఇస్త్రీ చేసిన తెల్లంగీ వేసుకుని, అత్తరు రాసుకుని మసీదుకి వెళ్ళాడు. పిల్లలు ముందురోజే పిన్ని ఇంటికి వెళ్ళారు. పొయ్యి మీద మక్లూబా ఉడుకుతోంది. వంకాయలూ, కోడిమాంసమూ, పైన బియ్యమూ. అతను రాగానే ఆ గిన్నెని పెద్ద పళ్ళెంలోకి బోర్లించాలి. అతనికి తన కళ్ళ ముందు బోర్లించాలి. రుఫైదా మంట తగ్గించి, పెరట్లోకి వచ్చి, కారు బానెట్ ఎత్తింది.

అత్తగారు ఫిద్దా వేపచెట్టు నీడన చాప మీద కూర్చుని కూరాకు దూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. గడ్డం మీద పాత పచ్చబొట్టు, నోటి నిండా మాటలు.

"శుక్రవారం పూట ఆడది కారు నోట్లో తల పెట్టడం మా కాలంలో లేదమ్మా. కారున్నవాడికి లేని దురద నీకెందుకు?" అంది.

"కారున్నది నాకే అత్తా."

ఫిద్దా మూతి తిప్పింది గాని ఆకు దూయడం ఆపి చూస్తూ కూర్చుంది.

రుఫైదా డిక్కీలోంచి నాన్న పానాల డబ్బా తెచ్చుకుంది. ముందు గాలి ఫిల్టరు తీసి వెలుతురుకి పట్టి చూసింది. పోయిన నెలే మార్చింది, శుభ్రంగా ఉంది. కొట్టేసింది. ప్లగ్గులు కొత్తవి, ఒకటి ఊడదీస్తే మూతి చక్కగా ఇటుక రంగులో ఉంది. కొట్టేసింది. పెట్రోలు ఫిల్టరు రెండుసార్లు మార్పించింది, సత్తామ్ చెప్పినందుకే. బ్రేకులు పట్టేస్తున్నాయా? నిన్న ఇంటికొచ్చాక నాలుగు చక్రాలనీ చేత్తో తాకి చూసింది, ఏదీ కాలలేదు. క్లచ్ జారుతోందా? జారితే ఇంజను గోలపెట్టి బండి కదలకూడదు. దీనికి ఆ గోలే లేదు. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. ఆ కొండ మీద ఇన్ని రోజులూ విన్న చప్పుడు మొత్తం ఒకసారి గుర్తు చేసుకుంది. జబ్బు చేసిన ఇంజను దగ్గుతుంది, వణుకుతుంది, పొగ కక్కుతుంది. ఇది ఏనాడూ ఆయాసపడలేదు. అసలు తననెవరూ గట్టిగా అడగలేదన్నట్టు నింపాదిగా తిరిగేది. కారుకి రోగం లేదు. దానికి అందాల్సిందే అందడం లేదు.

నాన్న ఒకసారి చూపించాడు. ఇంజను ఆపేసి, ఈ లావు రబ్బరు గొట్టం విప్పితే లోపల ఇత్తడి రేకు ఒకటి ఉంటుంది. లోపల పెడల్ తొక్కితే ఇక్కడ ఆ రేకు తలుపులా తెరుచుకుని గాలిని లోపలికి పోనిస్తుంది. పూర్తిగా తొక్కితే నిలువునా నిలబడాలి. ఒకరు తొక్కాలి, ఒకరు చూడాలి. ఆనాడు నాన్న చూశాడు, తను తొక్కింది.

"అత్తా, నీ కాలొకటి కావాలి."

"ఉన్నవి రెండు. రెండూ వాచి ఉన్నాయి. ఏది కావాలి?"

"కుడిది."

ఫిద్దా సణుగుతూనే లేచింది. డ్రైవరు సీట్లో ఆమె కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. స్టీరింగు పట్టుకోవచ్చో లేదో తెలియక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. రుఫైదా గొట్టం విప్పి, సెల్‌ఫోను వెలుతురు లోపలికి కొట్టింది.

"తొక్కు అత్తా."

రేకు కదిలింది. సగం తెరుచుకుంది. ఆగింది.

"ఇంకా తొక్కు."

"తొక్కాను."

"పూర్తిగా, నేలకి తగిలేదాకా."

"ఇంతకన్నా దిగదే. కింద ఏదో అడ్డముంది. రాయిలా తగులుతోంది."

రుఫైదా రేకు పక్కనున్న మీటని వేలితో లాగింది. సులువుగా, ఏ అడ్డూ లేకుండా, రేకు నిలువునా తెరుచుకుంది. వదిలేసింది. రెండేళ్ళుగా రోజూ తను తొక్కిన పెడల్. అది ఆగినచోటే దాని అడుగు అనుకుంది. కారు ఎన్నడూ నడపని ఈ ముసలి మనిషి ఒక్క నిమిషంలో కింద ఏదో అడ్డముందని చెప్పేసింది. ఎందుకంటే ఆవిడ కాలు మెత్తనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆమె వచ్చి డ్రైవరు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ నల్ల రబ్బరు చాప అంచు కింద స్క్రూడ్రైవరు దూర్చి జిగురు చీల్చింది. చాప లేచింది. పెడల్ వెనక దానికున్న ఉబ్బు అచ్చులోనే ఉందని ఇన్నాళ్ళూ అనుకుంది. కింద, సరిగ్గా పెడల్ వెనక, నేలరేకుకి రంధ్రం వేసి బిగించిన బోల్టు ఒకటి నిక్కి ఉంది. బొటనవేలంత లావు, వేలంత పొడవు. చప్పుడు కాకుండా నెత్తిన రబ్బరు టోపీ. కారు లోపలి బూడిదరంగే దానికీ పూసి ఉంది. ఆ రంగు చూసి ఆమె ఒళ్ళు మండిపోయింది. కోపంలో చేసిన పనైతే ఒక దెబ్బ కొట్టి ఊరుకునేవాడు. ఇది కూర్చుని, కొలిచి, ఎక్కడిదాకా తొక్కనివ్వాలో ఆలోచించి, రంగు కలిపి, పైన కానుక పరిచి చేసిన పని.

ఫిద్దా సీట్లోంచే కిందికి వంగి చూసింది. వేలు చాపి ఆ రబ్బరు టోపీని తడిమింది.

"నా కొడుకేనా?" అంది.

"ఇంకెవరు అత్తా?"

"మీ మామ నా గాడిద ముందరికాళ్ళకి బంధం వేసేవాడు," అంది ఫిద్దా. "నేను పుట్టింటికి పోతానని. నాలుగు మైళ్ళు కూడా లేదు మా అమ్మ వాళ్ళ గుడారం. దాన్ని ఈడ్చుకుంటూ సగం దారి పోయి తిరిగొచ్చేదాన్ని. అలా మా అమ్మ చావుకి కూడా అందలేదు. కానీ అమ్మాయ్, ఆ తాడు నా కంటికి కనపడేది. కూర్చుని ఆయన్ని తిట్టుకునేదాన్ని. గాడిదనేం అనుకోలేదు, నన్ను నేను అంతకన్నా అనుకోలేదు." మళ్ళీ బోల్టు వంక చూసింది. "నిన్ను నేను ఎన్ని అన్నాను! కాలు లేనిదానికి కారెందుకని, నేనే కదా అన్నది. వాడు నవ్వుతూ వింటూ ఉండేవాడు."

రుఫైదా పదమూడో నంబరు పానా తీసింది. కారు కింద దూరి, మట్టిలో వెల్లకిలా పడుకుని, కింది నట్టు పట్టుకుంది. అది గట్టిగా ఉంది. కుడికాలు ముందు చక్రానికి తన్నిపెట్టి లాగింది. కిరకిరమని తిరిగింది. మెత్తని కాలు. ఆమె గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో పైన ఉన్న ఫిద్దాకి తెలియలేదు.

ఆ కోపాన్ని అక్కడే, ఆ మట్టిలో పడుకునే, ఆమె పూర్తిగా అనుభవించింది. ప్లగ్గులు మార్చు అన్నాడు. ఫిల్టరు మార్చు అన్నాడు. మార్చిన ప్రతిసారీ, కొత్త ఆశతో కొండెక్కి, ఓడిపోయి తిరిగొచ్చిన ప్రతిసారీ, "ఏమైంది?" అని అడిగాడు. ఏమైందో తెలిసి అడిగాడు. హర్బ్ బానెట్ ఎత్తి, తల ఊపి, "ఇంజను బంగారం అక్కా, కాస్త కాలికి పని చెప్పు," అన్నాడు, తన చేత్తో బిగించిన బోల్టుకి బారెడు దూరంలో నిలబడి. ఆ ముసలావిడ నుదుటి మీద రక్తం. ట్యాంకరు. కాఫీ పళ్ళెం పట్టుకుని తను నవ్విన నవ్వు. ఆ నవ్వు తలుచుకున్నప్పుడు ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ మండింది.

బోల్టు చేతిలోకి వచ్చింది. గొట్టం మళ్ళీ బిగించింది. ఫిద్దాని తొక్కమంది, పెడల్ నేలదాకా దిగింది.

"పొయ్యి ఆర్పి రా," అంది ఫిద్దా, పక్క సీట్లోకి జరుగుతూ. "నేనూ వస్తాను."

"అబూ ఫవాజ్ వచ్చే వేళైంది. అన్నం..."

"అన్నం ఎక్కడికీ పోదు. కారు తియ్యి."

సముద్రమట్టం రాయి దాటాక ఎప్పట్లాగే కొండ నిలువునా లేచింది. ముందు టొమాటో లారీ ఒకటి మూలుగుతూ పోతోంది. రుఫైదా మూడో గేరులో ఉండి, కాలు నొక్కింది. ఇన్నాళ్ళూ ఆగేచోటు దగ్గర, అలవాటు కొద్దీ, కాలు తనంతట తనే ఆగిపోయింది. అక్కడ ఏమీ లేదని దానికింకా తెలియదు. ఆమె కాలికి చెప్పింది. ఇంకా కిందికి నొక్కింది. ముప్పై ఏళ్ళ కారు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చినట్టు గర్జించి ముందుకి దూకింది. ఇద్దరి వీపులూ సీట్లకి అతుక్కున్నాయి. లారీ పక్కకి వచ్చింది, వెనక్కి పోయింది. డ్రైవరు నోరు తెరుచుకుని చూడటం అద్దంలో కనపడింది.

ఫిద్దా తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. రెండు మలుపులు దాటాక ఒక కన్ను తెరిచింది.

"ఇంతేనా, ఇంకా తొక్కవచ్చా?" అంది.

కొండ మీదికి చేరేసరికి ఎంత సేపు పట్టిందో చూసుకుంది. రోజూ పట్టేదాంట్లో సగం కూడా లేదు. ఆదివారం ఇంటి నుంచి మామూలు వేళకే బయల్దేరినా, బెంచీ మీదికి మొదటి మనిషి వచ్చేలోపు తను ల్యాబ్ తాళం తీసి ఉంటుంది. తాళం చెవి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. రోడ్డు పక్కన కారాపి, స్టీరింగు మీద నుదురు ఆనించి, ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఫిద్దా ఓదార్చలేదు. చున్నీ కొంగుతో కోడలి చేతులకంటిన గ్రీజు తుడవడానికి ప్రయత్నిస్తూ కూర్చుంది. ఆ గ్రీజు పోలేదు సరిగదా కొంగు పాడైంది.

ఇల్లు చేరేసరికి సత్తామ్ హాల్లో, నేల మీద పరిచిన చాప ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పళ్ళెం. పక్కన, బోర్లించని మక్లూబా గిన్నె. గిన్నెని తనే వంటింట్లోంచి తెచ్చుకున్నాడు. అక్కడితో ఆగాడు.

"ఎక్కడికి పోయారు ఇద్దరూ? గంట నుంచి కూర్చున్నా. ఇంట్లో అన్నం పెట్టే దిక్కు లేదా?"

రుఫైదా బోల్టు తీసి పళ్ళెంలో పెట్టింది. రబ్బరు టోపీతో సహా.

అతను దాన్ని చూశాడు. ముఖం మారుతుందని, కనీసం కళ్ళు దించుకుంటాడని ఆమె ఎదురుచూసింది. అతను అడిగిన మొదటి మాట, "హర్బ్ చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు."

"చూడు, నీ మంచికే చేయించాను. ఆ మలుపుల్లో ఎంతమంది పోయారో నీకు తెలియదా? నెమ్మదిగా పోతే పోయేదేముంది? నీకేమైనా అయితే పిల్లలేం కావాలి, నేనేం కావాలి? భయం ఉండబట్టే కదా చేశాను. ప్రేమ లేకపోతే నాకేం పట్టింది?"

"ట్యాంకరు మీదికొచ్చిందని చెప్పినప్పుడు కూడా తీయించలేదు."

"నేను..."

"సరే, భయంతో పెట్టించావు. మరి ప్లగ్గులు ఎందుకు మార్చమన్నావు?"

సత్తామ్ బోల్టున్న పళ్ళేన్ని అవతలికి నెట్టాడు.

"ఫిల్టరు ఎందుకు మార్చమన్నావు, రెండుసార్లు? పోయిన మంగళవారం నేను ఏడిస్తే తల నిమిరావు. అప్పుడు నీ మనసులో ఏముంది? చెప్పు, వింటాను. బోల్టుకైతే భయం అన్నావు. దానికేమంటావు?"

జవాబు లేనివాడికి గొంతు పెరుగుతుంది. "ఏదో నేనొక్కణ్ణే చేసినట్టు మాట్లాడతావేంటి? ఊళ్ళో ఎవరు చేయించలేదు? ఆ మయ్యాదా మొగుడు చేయించలేదూ? అసలు నాకు చెప్పిందే అతను. అతని పెళ్ళాం ఆరు నెలల్లో దారికొచ్చింది, నోరెత్తకుండా బస్సెక్కి..."

అక్కడ ఆగాడు. ఆగడం ఆలస్యమైంది.

రుఫైదా వంగి పళ్ళెంలోంచి బోల్టు తీసుకుని చొక్కా జేబులో వేసుకుంది. "ఆదివారం నుంచి పొద్దున పిల్లల డబ్బాలు నువ్వు కట్టు. నేను తిని వెళ్తాను, కూర్చుని," అంది. అరవలేదు. ఇంకా చాలా అనాలని ఉంది, అంటుంది కూడా, ఒక్కరోజుతో తీరే కోపం కాదు. కానీ ఇప్పుడు వేరే పనుంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడు సత్తామ్. "ముందు ఆ గిన్నె తిప్పు, ఆకలి చంపేస్తోంది."

"నువ్వే తిప్పుకో," అంది ఫిద్దా, గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుంటూ. "నేను కారు తొక్కొచ్చాను. నా కాళ్ళు నొప్పి." తర్వాత కోడలి వైపు తిరిగి, "రుఫైదా, ఆ పానాల డబ్బా బరువు. జాగ్రత్తగా పట్టుకెళ్ళు," అంది. పన్నెండేళ్ళలో ఆవిడ ఆమెని ఆ పేరుతో పిలవడం ఆమెకి గుర్తు లేదు.

ఎదురింటి వాకిట్లో, ద్రాక్షపందిరి కింద, మయ్యాదా కారు గుడ్డ కప్పుకుని ఉంది. గుడ్డ మీద ఏడాది పైబడిన దుమ్ము, పిచ్చుకల రెట్టలు, ఎండాకులు. రుఫైదా పానాల డబ్బా కింద పెట్టి గుడ్డ ఒక కొసన ఎత్తి అద్దంలోంచి లోపలికి చూసింది. డ్రైవరు కాళ్ళ దగ్గర మందపాటి నల్ల రబ్బరు చాప.

తలుపు తీసుకుని మయ్యాదా బయటికి వచ్చింది. చేతిలో దిద్దుతున్న నోటుపుస్తకం. రుఫైదా బట్టలకంటిన మట్టినీ, చేతులకంటిన గ్రీజునీ చూసి భయపడింది.

"ఏమైంది? నా కారుతో నీకేం పని? అది నడవదు రుఫైదా. అంటే, కారు బాగానే ఉంది. నాకే రాదు. నా కాలు..."

"తాళం తీసుకురా," అంది రుఫైదా. "నీ కాలికేం కాలేదు."